నాన్న పోయి ఐదు నెలలు.. అమ్మకు రోజూ నిద్రమాత్ర ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ఐదు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి అమ్మ (62) సరిగా తినదు. రాత్రి రెండింటికే లేచి కూర్చుంటుంది. నాన్న పిలిచినట్టు వినిపిస్తోందంటుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటుంది. నిద్ర కోసం మూడు నెలలుగా మెడికల్ షాపులో తెచ్చిన అల్ప్రాజోలమ్ 0.5 రోజూ ఇస్తున్నాం. వచ్చే నెల తన మేనకోడలి పెళ్లికి కూడా రానంటోంది. మానసిక వైద్యులకు చూపించాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూద్దాం. దుఃఖానికి కొంత గడువు ఇవ్వొచ్చు, దీనికి ఇవ్వలేం. అల్ప్రాజోలమ్‌ను కొన్ని వారాలు వరుసగా వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. మొదట్లో అర మాత్రకు పట్టిన నిద్ర తర్వాత ఒకటి వేసినా పట్టదు. పెద్ద వయసులో ఈ మందు ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. ఆ మత్తులో తెల్లవారుజామున బాత్రూమ్‌కు లేచి తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు. మతిమరుపూ పెరుగుతుంది. అలాగని ఈ రాత్రి నుంచే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే ఉన్న కాస్త నిద్రా పోయి చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చెప్పిన ప్రకారం సాధారణంగా రెండు వారాలకోసారి 10 నుంచి 25 శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలి. అసలిది చీటీ లేకుండా అమ్మకూడని మందు.

మాత్ర తగ్గిస్తూనే నిద్రను దారిలో పెట్టాలి. రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున లేచే వేళ మారకూడదు. ఆరు అంటే ఆరే. లేచాక అరగంట వెలుతురులో నడిపించండి. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ, టీ వద్దు. పగటి కునుకు అరగంట మించొద్దు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఇరవై నిమిషాల్లో మళ్లీ పట్టకపోతే మంచం మీద దొర్లకుండా హాల్లోకి వచ్చి కూర్చోమనండి. జపమో, రేడియోనో ఏదైనా సరే. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ మంచం ఎక్కాలి.

మీరు అంతగా పట్టించుకోనట్టున్న ప్రమాదం ఇంకొకటి ఉంది. గ్లిమెపిరైడ్ తిండి తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతుంది. రాత్రి అన్నం మానేసి మాత్ర మాత్రం వేసుకుంటే నిద్రలోనే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, గుండె దడ, తికమక కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. తక్కువగా ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. తినని పూట ఆ మాత్ర ఏం చేయాలో షుగర్ డాక్టరును ఈ వారమే అడగండి. కంచం నిండా వడ్డించి బతిమాలే కన్నా మూడు గంటలకోసారి గుప్పెడు ఇడ్లీయో, పెరుగన్నమో పెట్టడం మేలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. ఆ లోపం, థైరాయిడ్, రక్తహీనత కూడా అచ్చం దిగులులాగే కనిపిస్తాయి. కాబట్టి మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీతో పాటు ఈ మూడు పరీక్షలూ చేయించండి.

ఇక నాన్నగారి పిలుపు వినిపించడం గురించి. భర్తను పోగొట్టుకున్నవారిలో ఇది మామూలే, పిచ్చికి గుర్తు కాదు. "అదంతా నీ భ్రమ" అనకండి. "ఏమన్నారు?" అని అడగండి. ఎదురు తిట్టే గొంతులు, "నువ్వూ వచ్చేయ్" అనే ఆదేశాలు వినిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. చచ్చిపోతే బాగుండునన్న మాట వినిపించినా, మాత్రలు దాచుకుంటున్నట్టు తెలిసినా అంతే. మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకుని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఛాతీలో నొప్పి అంటే "మనసు బాగోలేక" అని కొట్టిపారేయకండి. వెంటనే ఈసీజీ తీయించాలి.

మానసిక వైద్యులకు చూపించాలా అంటే, పైన చెప్పినవేవీ లేకపోయినా నిద్రమాత్ర తగ్గించడానికైనా ఒకసారి చూపించండి. దుఃఖం అలల్లా వచ్చి పోతుంటే, మధ్యలో మనవల్ని చూసి నవ్వుతుంటే అది దాని దారిన నడుస్తున్నట్టే. రోజంతా ఒకే తీరున దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తానొక భారమన్న భావన రెండు వారాలు దాటితే అది డిప్రెషన్. దానికి మందు పనిచేస్తుంది కానీ రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. ఆరు నెలలు దాటినా మొదటి వారంలో ఉన్నంత తీవ్రంగానే తపిస్తూ, రోజువారీ పనులేవీ సాగకపోతే దాన్ని దీర్ఘకాలిక శోకం అంటారు. దీనికి మాత్రల కన్నా కౌన్సెలింగే ముఖ్యం. మాసికాలు, పెళ్లిరోజు, సంవత్సరీకం దగ్గర పడినప్పుడు మళ్లీ కొంత కుంగుతారు. ముందే తెలిసి ఉంటే మీకు కంగారు ఉండదు.

ఇంట్లో చేయాల్సింది కొంత ఉంది. నాన్నగారి చొక్కాలు, కళ్లజోడు ఆమె అడక్కుండా తీసేయకండి. ఏడుస్తుంటే ఆపకండి. బ్యాంకు కాగితాలు, గ్యాస్ కనెక్షన్ పేరు మార్పు వంటి పనులు ఆమె బదులు మీరే చేసేయకుండా వారానికి ఒకటి చొప్పున ఆమెను వెంటబెట్టుకుని చేయండి.

పెళ్లికి మనసొప్పక రానంటున్నారా, ఎదురొస్తే ఎవరైనా ఏమైనా అంటారని జంకుతున్నారా? ఈ రెండూ వేరు. మొదటిదైతే వదిలేయండి. రెండోదైతే ఆమెకు మందు అక్కర్లేదు, మీ మేనమామే స్వయంగా వచ్చి "అక్షింతలు నువ్వే ముందు వేయాలి" అని పిలవాలి. వస్తానంటే గంటసేపు కూర్చుని, ఇబ్బందిగా ఉంటే వెంటనే వచ్చేసేలా బండి సిద్ధంగా ఉంచండి.