సంతను వదిలేసిన వ్యాసం

చిరంజీవికి,

స్కాట్లండులోని క్రీఫ్ పట్టణం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వచనం బాగుంది. కాని "ఇక్కడ కాలం నిలిచిపోయింది" అన్న మొదటి వాక్యం దగ్గరే నాకు ఒళ్లు మండింది. 1716 జనవరిలో గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం తిరగబడి వెనక్కి తగ్గుతున్న జాకొబైట్ సైన్యం, వెంట వచ్చే ప్రభుత్వ సేనకు తిండీ నీడా దొరకకూడదని, నడి చలికాలంలో తగలబెట్టిపోయిన ఊరది.

కోటకూ పొగమంచుకూ విస్కీకీ మూడు పేజీలు ఇచ్చిన నువ్వు, ఆ ఊరికి అన్నం పెట్టిన పశువుల సంతను ఒక్క వాక్యంతో సరిపెట్టావు. హైలాండ్స్ కొండలు దిగి మైదానంలో అడుగుపెట్టే చోట ఉండబట్టే క్రీఫ్‌కు ఆ సంత దక్కింది. స్కై దీవి పశువులను, ఒకదాని కింది దవడకు కట్టిన తాడును ముందున్నదాని తోకకు ముడివేసి, వరసగా సముద్రపు పాయలో ఈదించి ఒడ్డుకు చేర్చి, అక్కణ్ణుంచి కొండదారుల్లో తోలుకొచ్చేవారు. 1723లో అచ్చయిన తన యాత్రావర్ణనలో జాన్ మాకీ ఆ సంతలో కనీసం 30,000 పశువులు అమ్ముడయ్యాయనీ, ఇంగ్లండు వర్తకులు 30,000 గినీ బంగారు నాణేలకు పైగా రొక్కం చెల్లించారనీ రాశాడు. పశువుల దొంగలకు ఉరికొయ్య కూడా ఆ ఊళ్లోనే ఉండేది. తమవాళ్లు ఎందరో అక్కడే పోయారు కనుక హైలాండ్ వాళ్లు దాని ముందు టోపీ తీసేవారని చెప్పుకుంటారు. ఇంతకన్నా ఊరి స్వభావం నీకు కోటలో ఎక్కడ దొరుకుతుంది?

నా మొదటి వ్యాసం మా ఊరి పశువుల సంత మీద. తువ్వాలు కింద దళారులు వేళ్లు పట్టుకుని బేరమాడే తీరు, ఆనాటి కోడెల ధరలు వారం రోజులు తిరిగి రాసుకొచ్చాను. "అంకెలు చదివేదెవరండీ" అంటూ ఒక సంపాదకుడు ధరలన్నీ కొట్టేసి, గోధూళి మీది పేరా ఒక్కటే అచ్చువేశాడు. నలభై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు, అందుకే నీ మీద పడుతున్నాను.

1770 ప్రాంతంలో ఆ సంత దక్షిణాన ఉన్న ఫాల్కిర్క్‌కు తరలిపోయింది. క్రీఫ్ మగ్గాలను నమ్ముకుంది. 1856లో రైలు వచ్చింది, 1868లో జలచికిత్స కోసం పెద్ద హోటలు వెలిసింది. వీటిని నువ్వు వరసగానే చెప్పావు గాని, సంత పోవడంతో ముడిపెట్టలేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తరవాత. ముందు ఊరికి కొద్ది మైళ్ల దూరంలో, 1680లో నెలకొల్పిన ఇన్నర్‌పెఫ్రే గ్రంథాలయానికి వెళ్లు. పుస్తకాలు తీసుకెళ్లినవాళ్ల పేర్లూ వృత్తులూ 1747 నుంచి రాసుకున్న చిట్టా అక్కడుంది. అందులో ఒక నేతగాణ్ణి వెతికి, అతను ఏ పుస్తకం పట్టుకెళ్లాడో నాకు రాయి.

ఆశీస్సులతో.