సమాధానం: పిల్లల కాన్సెప్ట్ మ్యాపుల్లో బాణాలు తప్ప అర్థం కనిపించడం లేదు

నమస్తే మేడం. కిరణజన్య సంయోగక్రియ మీద పిల్లలు గీసిన కాన్సెప్ట్ మ్యాపులన్నీ (పదాలను పెట్టెల్లో రాసి, వాటి మధ్య సంబంధాలను బాణాలతో చూపే పటాలు) ప్రొజెక్టర్‌పై మీరు చూపినదానికి నకళ్లేననీ, మధ్యలో పదం చుట్టూ బాణాలే ఉన్నాయనీ రాశారు. లోపం పిల్లలది కాదు. పూర్తయిన మ్యాపు ముందే కనిపిస్తే ఎవరైనా దాన్నే దించుతారు.

మ్యాపుకు బదులు ప్రశ్న ఇవ్వండి: "మొక్క తన ఆహారాన్ని ఎలా తయారుచేసుకుంటుంది?" పక్కన పదాలు మాత్రం ఉంచండి: పత్రహరితం, సూర్యకాంతి, నీరు, కార్బన్ డయాక్సైడ్, పత్రరంధ్రాలు, పిండిపదార్థం, ఆక్సిజన్. అమరిక వాళ్లకే వదిలేయండి.

అసలు ప్రాణం బాణం మీది మాటలోనే ఉంది. 1972లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం ఈ పద్ధతిని రూపొందించినప్పటి నుంచీ నియమం ఒకటే: రెండు పదాలూ, మధ్య మాటా కలిపి చదివితే వాక్యం కావాలి. "పత్రహరితం – గ్రహిస్తుంది – సూర్యకాంతిని" సరే. ఊరికే "పత్రహరితం – సూర్యకాంతి" అంటే పిల్లవాడికి ఏం తెలిసిందో మనకు అంతుపట్టదు. ఈ మ్యాపులు గీయడానికి ఉచితంగా దొరికే సీమ్యాప్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బాణం లాగగానే ఆ మాట కోసం ప్రశ్నార్థకాలతో పెట్టె వస్తుంది కాబట్టి దాన్నే వాడమంటాను. కంప్యూటర్లు తక్కువైతే ముగ్గురికొకటి చాలు, వాళ్ల వాదనే పాఠం.

మార్కులు పెట్టెల సంఖ్యకు వేయకండి. పత్రరంధ్రాలను బాష్పోత్సేకంతో, అంటే ఆకుల నుంచి నీరు ఆవిరిగా బయటికి పోవడంతో, కలిపినవాళ్లకు ఎక్కువ ఇవ్వండి. "మొక్క మట్టి నుంచి ఆహారం తీసుకుంటుంది" అని ఎవరైనా కలిపితే వెంటనే చెరిపేయొద్దు. తర్వాతి క్లాసు అక్కడి నుంచే మొదలుపెట్టండి.