ఇంగ్లండ్‌లో కౌన్సిల్ లోకల్ ప్లాన్ మీద మీటింగ్‌కి వెళ్లి మాట్లాడితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

వెళ్లండి, మాట్లాడండి. కానీ అంతకంటే ముందు రాసి పంపండి. నేను ఈ రెండింటినీ తలకిందులుగా చేశాను, అందుకే ఇంత పొడుగు జవాబు.

మీరు చెప్పిన పరిస్థితి ఇది: మీ వీధి వెనక పొలాన్ని ఇళ్లు కట్టే స్థలంగా కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) తన ముసాయిదా లోకల్ ప్లాన్‌లో పెట్టింది, తలుపు సందులోంచి ఒక కరపత్రం వేశారు, త్వరలో ఫుల్ కౌన్సిల్, అంటే కౌన్సిలర్లందరూ కూర్చునే మీటింగ్ ఉంది. ‘అంతా ముందే తేల్చేసుకుని నామమాత్రంగా అడుగుతున్నారా?’ అని మీ అనుమానం. కొన్నేళ్ల కిందట నా అనుమానమూ అదే. ఇప్పుడు నన్నడిగితే సగం నిజమే అంటాను.

నా మొదటి మీటింగ్ సంగతి చెబుతాను. మా కౌన్సిల్‌లో బయటివాళ్లు మాట్లాడాలంటే ముందుగా పేరు ఇవ్వాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నేను రెండు పేజీలు రాసుకుని, మా ఆయన ముందు నిలబడి టైము చూసుకుంటూ నాలుగుసార్లు చదివాను. అక్కడికెళ్లాక గొంతు వణికింది. కిటికీలోంచి కనిపించే పొలం పోతుందన్నాను, ఇంటి ధర పడిపోతుందన్నాను, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇప్పటికే దొరకడం లేదన్నాను. ఎర్ర లైటు వెలిగింది. చైర్‌లో ఉన్నాయన ‘థాంక్యూ’ అని తర్వాతి పేరు పిలిచారు. ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. తర్వాత కౌన్సిలర్లు గంటకు పైగా వాదించుకున్నారు, అందులో మా పొలం ఊసు రెండు వాక్యాలు. చేతులెత్తారు, లెక్కపెట్టారు, ప్లాన్ పాసైంది. దారిపొడుగునా కారులో ఒకటే కోపం.

ఆ కోపంలో సగం నా మీద నాకు రావాల్సిందని తర్వాత తెలిసింది. అసలు ఆ రోజు వాళ్లు ఏం తేలుస్తున్నారో నాకు తెలియదు. ఎవరో ఇల్లు పెంచుకోవడానికో బిల్డర్ యాభై ఇళ్లు కట్టడానికో పెట్టుకునే దరఖాస్తు వేరు, దాన్ని ప్లానింగ్ ఆఫీసర్లో ప్లానింగ్ కమిటీయో తేలుస్తారు. లోకల్ ప్లాన్ అనేది విధాన పత్రం. వచ్చే పదిహేనేళ్లు, అంతకు పైబడి కూడా, ఎక్కడ ఎన్ని ఇళ్లు, ఎక్కడ ఫ్యాక్టరీలు, ఎక్కడ ఏమీ కట్టకూడదు అని చెప్పే పుస్తకం అది. ఒకసారి అందులో మీ పొలం ఎక్కిందంటే, రేపు బిల్డర్ దరఖాస్తు పెట్టినప్పుడు ‘ఇక్కడ ఇళ్లు వద్దు’ అనే వాదన దాదాపు చచ్చిపోయినట్టే. ‘ఎలా కట్టాలి’ అన్నదే మిగులుతుంది. చాలామంది పొక్లెయినర్ వచ్చిన రోజున మేలుకుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఈ ప్లాన్ తయారీకి 2012 నాటి రెగ్యులేషన్లలో (ప్రభుత్వ నియమాల్లో) రెండు మెట్లున్నాయి. రెగ్యులేషన్ 18 అంటే ఇంకా పచ్చిగా ఉన్న దశ: ఏయే స్థలాలు, ఎంత, ఎటువైపు అని అడుగుతారు. ఇక్కడ మనసులో ఉన్నదంతా చెప్పొచ్చు, వేరే స్థలం చూపించొచ్చు. రెగ్యులేషన్ 19 అంటే కౌన్సిల్ ‘ఇదే మా ప్లాన్’ అని నిర్ణయించుకుని అచ్చువేసిన దశ, దాని మీద కనీసం ఆరు వారాలు అభ్యంతరాలు తీసుకోవాలి. నేను మాట్లాడింది ఈ రెండో దశను మొదలుపెట్టడానికి పెట్టిన మీటింగ్‌లో. మొదటి దశ కరపత్రం అంతకు రెండేళ్ల ముందు మా ఇంటికీ వచ్చిందట. పిజ్జా కాగితాలతో పాటు రీసైక్లింగ్ డబ్బాలో వేసి ఉంటాను. (2023లో వచ్చిన కొత్త చట్టంతో ఈ పద్ధతి మారుతోంది, దాదాపు 30 నెలల్లో ప్లాన్ ముగించాలన్నది లక్ష్యం. కాబట్టి మీ కరపత్రంలో దశల పేర్లు వేరుగా ఉంటే కంగారు పడకండి.)

మీటింగ్ గదిలో గాలి ఎటు వీస్తుందో నాకు అర్థమైంది ప్లానింగ్ ఆఫీసర్ మాట్లాడినప్పుడు. అక్కడ రెండు రకాల మనుషులుంటారు. ఓట్లతో గెలిచిన కౌన్సిలర్లు, జీతం తీసుకునే ఆఫీసర్లు. రిపోర్టు రాసేది, ‘ఇలా చేయండి’ అని సిఫార్సు చేసేది ఆఫీసర్లు. చెయ్యెత్తేది కౌన్సిలర్లు. ఆ రోజు ఆఫీసర్ చెప్పింది ఒకటే: ప్లాన్‌ను తిప్పికొడితే ఇళ్లు ఆగవు, మన చేతిలోంచి జారిపోతాయి. అది ఉత్త బెదిరింపు కాదు. ఇంగ్లండ్‌లో జాతీయ ప్లానింగ్ విధానం ఎన్‌పీపీఎఫ్ అని ఉంది, మొదట 2012లో వచ్చింది. ప్రతి ప్రాంతానికి ఎన్ని ఇళ్లు కావాలో ఒక సూత్రం ప్రకారం లెక్క వస్తుంది. 2023 డిసెంబరులో ఆ లెక్కను సలహా స్థాయికి తగ్గించారు, ప్రభుత్వం మారాక 2024 డిసెంబరులో మళ్లీ తప్పనిసరి చేశారు. కౌన్సిల్ దగ్గర సరైన ప్లాన్ లేకపోయినా, ఐదేళ్లకు సరిపడా స్థలాలు చూపించలేకపోయినా, కౌన్సిల్ కాదన్న దరఖాస్తు మీద బిల్డర్ వేసే అప్పీల్‌లో తూకం బిల్డర్ వైపు మొగ్గుతుంది. ఎన్నికల ముందు ‘పొలాలు కాపాడతాం’ అన్న కౌన్సిలర్ కూడా ఆ రాత్రి అనుకూలంగా చెయ్యెత్తడానికి కారణం ఇదే. నేను అప్పుడు గోడ మీద పిల్లి అనుకున్నాను. ఇప్పుడు అంత కఠినంగా అనను.

ఇక ‘ముందే తేల్చేసుకున్నారు’ అన్న మాట. దీనికి చట్టంలో ఒక గీత ఉంది. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ మీద స్కూళ్ల విషయంలో నడిచిన కేసులోంచి వచ్చిన నాలుగు సూత్రాలను గన్నింగ్ సూత్రాలంటారు. నిర్ణయం ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే అడగాలి. జనం ఆలోచించి జవాబివ్వడానికి కావాల్సినంత సమాచారం ఇవ్వాలి. తగినంత సమయం ఇవ్వాలి. వచ్చిన జవాబులను మనస్ఫూర్తిగా పరిశీలించాలి. 2014లో హారింగే కౌన్సిల్ కేసులో సుప్రీంకోర్టు కూడా వీటిని సమర్థించింది. మరోవైపు, ఒక కౌన్సిలర్ ‘నాకు ఈ ప్లాన్ ఇష్టమే’ అని ముందే అన్నంత మాత్రాన మనసు మూసుకున్నట్టు కాదని 2011 లోకలిజం చట్టం చెబుతుంది. అంటే అభిప్రాయం ఉండొచ్చు, చెవులు మాత్రం మూసుకోకూడదు. పరిశీలించాలి అన్నారు గానీ ఒప్పుకోవాలి అనలేదు, గమనించండి. మన వాళ్లు చాలామంది కన్సల్టేషన్ అంటే ఓటింగ్ అనుకుంటారు. కాదు. మూడు వందల సంతకాల పిటిషన్‌ను చాలాచోట్ల ఒక్క అభ్యంతరంగానే చూస్తారు. ఒకే ఉత్తరాన్ని కాపీ కొట్టి యాభై మంది పంపినా అంతే, యాభై రెట్లు బరువు రాదు.

మీటింగ్‌లో మీకున్న హక్కుల గురించి కొంచెం. వెళ్లి కూర్చునే హక్కు గట్టిది. 1960లో దీని మీద చట్టం తెచ్చింది అప్పుడే ఎంపీ అయిన, తర్వాత ప్రధాని అయిన మార్గరెట్ థాచర్, అది ఆవిడ సొంతంగా పెట్టిన బిల్లు. అజెండా, రిపోర్టులు మీటింగ్‌కి కనీసం ఐదు పూర్తి రోజుల ముందు బయటపెట్టాలి. 2014 నుంచి వీడియో తీసుకోవచ్చు కూడా. మాట్లాడే అవకాశం మాత్రం ఆ కౌన్సిల్ సొంత నియమాల మీద ఉంటుంది. కొన్నిచోట్ల ప్రశ్నను రాతపూర్వకంగా చాలా ముందే ఇవ్వాలి. మీ కౌన్సిల్‌లో డెమోక్రటిక్ సర్వీసెస్ అనే విభాగానికి ఫోన్ చేస్తే ఓపిగ్గా చెబుతారు, మొహమాటపడొద్దు.

నా కథలోకి వస్తే, ఆ మీటింగ్ అయిన వారానికి పక్కింటావిడ తలుపు తట్టింది. రిటైరైన మనిషి, ఇలాంటివి రెండు మూడు చూసిందట. ‘నీ బాధ నిజమే, కానీ నీ బాధకు పాలసీ నంబర్ లేదు’ అంది. (ప్లాన్‌లో నంబరు వేసి రాసిన ఒక్కో నియమాన్ని పాలసీ అంటారు.) ఆ మాట నాకు మింగుడు పడటానికి రెండు రోజులు పట్టింది. కిటికీలోంచి కనిపించే దృశ్యం, ఇంటి ధర, ఇవి ప్లానింగ్‌లో మామూలుగా లెక్కలోకి రావు. నీళ్లు, రోడ్డు, స్కూలు సీట్లు, చెట్లు, జంతువులు, పాత కట్టడాలు వస్తాయి. అదీ ఆధారంతో వస్తేనే. రెగ్యులేషన్ 19 దశలో ప్రశ్న ఇంకా ఇరుగ్గా ఉంటుంది: ప్లాన్ చట్టప్రకారం తయారైందా, నిలబడగలదా అని. నిలబడటమంటే నాలుగు పరీక్షలు. అవసరాన్ని తీర్చేలా రాశారా, ఆధారాలు దాన్ని సమర్థిస్తున్నాయా, ఆచరణలో సాగుతుందా, జాతీయ విధానంతో సరిపోతుందా.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ‘ఎవిడెన్స్ బేస్’ అని ఒక పేజీ ఉంటుంది. ఎవరూ చదవరు. వరద అధ్యయనం ఒక్కటే మూడు వందల పేజీలకు పైన. మా పొలం మ్యాప్ వెతుక్కుని చూస్తే, మూల నుంచి మూలకి వాననీళ్లు పారే దారి నీలం రంగులో గీసి ఉంది. నేను రెండు చలికాలాలుగా పిల్లను స్కూలుకి తీసుకెళ్తూ బూట్లు తడుపుకుంటున్నది సరిగ్గా అక్కడే. స్థలానికి సంబంధించిన పాలసీలో మాత్రం నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అంతే, నా అభ్యంతరం ఒకటిన్నర పేజీ: ఫలానా పాలసీ, మీ సొంత అధ్యయనం ఫలానా మ్యాప్, తేదీలున్న నాలుగు ఫోటోలు, పాలసీలో చేర్చమని నేను అడుగుతున్న వాక్యం ఇది. వాక్యం మనమే రాసివ్వడం చాలా ముఖ్యం. అవతలివాళ్లకు పని తగ్గుతుంది.

తర్వాత ప్లాన్ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి వెళ్లింది. కౌన్సిల్‌తో సంబంధం లేని ఆ సంస్థ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి ప్లాన్‌ మీద విచారణ జరుపుతారు. కౌన్సిల్ తన జవాబుల పట్టిక కూడా పంపాలి, అందులో మొదటి దశలో నా పొరుగువాళ్లు చెప్పుకున్న గోడు అంతా ఒక్కో వరుస, ఎదురుగా ‘నోటెడ్’. ఆ మాట చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ఇన్‌స్పెక్టర్ ఆ పట్టికతో ఆగడు, రెండో దశలో పంపిన అసలు ఉత్తరాలు కూడా ఆయన చేతికి వెళతాయి. రెగ్యులేషన్ 19 దశలో ప్లాన్‌లో మార్పు కోరినవాళ్లకు విచారణలో మాట్లాడే హక్కు ఉంటుంది, అందుకని ఫారంలో ఆ గడిలో టిక్ పెట్టడం మరిచిపోకండి. కోర్టులా ఉంటుందని భయపడ్డాను. చుట్టూ బల్లలు, ముందు పేర్ల చీటీలు, ఒకవైపు బిల్డర్ల తరఫు కన్సల్టెంట్లు, మరోవైపు కౌన్సిల్ ఆఫీసర్లు, ఒక లాయరు, మధ్యలో నేను నా ఫోటోల కవరుతో. ఇన్‌స్పెక్టర్ నన్ను రెండు ప్రశ్నలడిగి, ఆఫీసర్ వైపు తిరిగి ‘పాలసీలో ఇది ఎందుకు లేదు?’ అన్నారు. కౌన్సిల్ మీటింగ్‌లో నాకు దొరకని ప్రశ్న అది.

పొలం ప్లాన్‌లోనే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన సవరణల జాబితాలో మాత్రం నీళ్లు పారే ఆ పట్టీలో ఏమీ కట్టకూడదని, మురుగు కాలువల ఏర్పాటు ముందే చూపించాలని రెండు వాక్యాలు చేరాయి. నేను రాసిచ్చిన మాటలు కావు, కానీ పోలికలున్నాయి. చివరగా ప్లాన్‌ను ఆమోదించడానికి మళ్లీ ఫుల్ కౌన్సిల్ కూర్చున్నప్పుడు నేనూ గ్యాలరీలో కూర్చున్నాను, మాట్లాడటానికి పేరివ్వలేదు. ఆ దశలో కౌన్సిల్‌కి ఉండేది దాదాపు ఒప్పుకోవడమో మానడమో, నచ్చినట్టు మార్చే వీలు ఉండదు.

అయితే మీటింగ్‌లో మాట్లాడటం వృథా అనడం లేదు. మూడు నిమిషాలను కౌన్సిలర్ నోట్లో ఒక ప్రశ్న పెట్టడానికి వాడండి. మీ వార్డు కౌన్సిలర్‌కి వారం ముందే మెయిల్ చేసి, ‘వరద అధ్యయనంలో ఈ మ్యాప్ ఉంది, పాలసీలో ఎందుకు లేదని ఆఫీసర్‌ని అడుగుతారా?’ అనండి. ఆ జవాబు రికార్డులోకి ఎక్కుతుంది, విచారణలో మళ్లీ పనికొస్తుంది. ఆయన ఏ పార్టీ అయినా సరే, తనకు సిద్ధంగా చేతికొచ్చిన మంచి ప్రశ్నను వదులుకునే కౌన్సిలర్‌ను నేను ఇంతవరకూ చూడలేదు.

ముందుగా మీ కరపత్రం తిప్పి చూడండి, ఏ దశో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆఖరి తేదీ పక్కన టైము కూడా చూడండి. మాకు అది సాయంత్రం 5 గంటలు, అర్ధరాత్రి కాదు. నేను 4.40కి సబ్మిట్ నొక్కాను, ఫోటోలు అప్‌లోడ్ అవడానికి పట్టిన పది నిమిషాలు నా టెన్షన్ ఇంతా అంతా కాదు.