వేల్స్ పాస్టర్లూ యుద్ధమూ: పక్కింటి పెద్దావిడ చెప్పిన సంగతి

‘మొదటి ప్రపంచ యుద్ధాన్ని వేల్స్ పాస్టర్లు సమర్థించారా, వ్యతిరేకించారా?’ అని అడిగారు. రెండూ చేశారు. నన్నడిగితే, ఊరు వాళ్ళ మాట ఎందుకు వినేదన్నదే అసలు సంగతి.

మా తాతగారు గుంటూరు జిల్లాలో లూథరన్ పాస్టరు. పెళ్ళి సంబంధం నుంచి గట్టు తగాదా దాకా అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. వేల్స్‌లో నేనుంటున్న బ్యాంగర్ ఊరి చుట్టుపక్కల పల్లెల్లోనూ వందేళ్ళ కిందట ఇంతేనట. పెద్దవాళ్ళు కూడా సండే స్కూలుకు వెళ్ళి తమ భాష వెల్ష్ చదవడం నేర్చుకునేవారు. పాస్టరు ప్రసంగం ఊపందుకుంటే మన హరిదాసు వచనంలోంచి రాగంలోకి జారినట్టే ఉండేదట. సైన్యంలో చేరమనే లండన్ పోస్టరుకు ఆ బలం ఎక్కడిది?

చాపెల్‌లో, అంటే ఇక్కడి ఊరి చర్చిలో, పెరిగిన అప్పటి బ్రిటన్ మంత్రి లాయిడ్ జార్జ్‌కి ఇది బాగా తెలుసు. ఆయన అండతో ఆంగ్లెసీ దీవిలోని బ్రిన్‌షెన్‌కిన్ పాస్టరు జాన్ విలియమ్స్ మిలిటరీ యూనిఫాం వేసి, పాస్టరు కాలరు పెట్టుకుని పుల్పిట్ ఎక్కాడు. కుర్రాళ్ళని సైన్యంలో చేరమన్నాడు. గౌరవ కర్నల్ హోదా కూడా దక్కింది. 1916 జులైలో ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవిలో వేల్స్ కుర్రాళ్ళున్న వెల్ష్ డివిజన్‌లో చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి దాదాపు 4,000 మంది.

బ్యాంగర్‌లోనే పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీ ప్రిన్సిపాల్ థామస్ రీస్ మాత్రం ఈ యుద్ధం తప్పని రాశాడు. దానికి ఆయన్ని గోల్ఫ్ క్లబ్బు నుంచి గెంటేశారు. గోల్ఫ్ ఆడేవాళ్ళకి అంత దేశభక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో! ఆయన మాత్రం తగ్గలేదు, 1916లో వెల్ష్‌లో ఏకంగా యుద్ధ వ్యతిరేక పత్రికే పెట్టాడు.

మొన్న చలికాలం మా పక్కింటి పెద్దావిడ వాళ్ళ చాపెల్ శుభ్రం చేయడానికి సాయం రమ్మంది. లోపల హీటర్ లేదు, కోటు విప్పలేదు. గోడకి ఆ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన పాలరాతి పలక. దాని మీద సగం మంది జోన్స్‌లు, మిగతావాళ్ళు విలియమ్స్‌లు. అందుకే ప్రతి పేరు పక్కనా వాళ్ళ పొలం పేరు చెక్కారు. ‘చెరువుకట్ట సుబ్బయ్య’ అంటాం చూడండి, అలాగ. ఒక పేరు మీద గుడ్డతో తుడుస్తూ, “మా అమ్మమ్మ తమ్ముడు” అంది. అప్పటి పాస్టరు వాళ్ళింటికొచ్చి, టీ తాగి, ఆ కుర్రాడితో అరగంట మాట్లాడి వెళ్ళాడట. మర్నాడే కుర్రాడు సైన్యంలో పేరిచ్చాడు.

“మరి అమ్మమ్మగారు చాపెల్‌కి రావడం మానేశారా?”

“మానడమా! ప్రతి ఆదివారం వచ్చేది. ప్రసంగం మొదలవగానే లేచి వెనక గదిలోకి పోయి కప్పులు కడిగేది. అందరికీ వినబడేట్టు.”

చాపెళ్ళు ఖాళీ అయ్యాయంటే ఇక్కడందరూ టీవీని తిడతారు. నేనొప్పుకోను. ఆ కప్పుల చప్పుడుతోనే మొదలైంది. ఇప్పుడు చాలా చాపెళ్ళని ఫ్లాట్లు చేసేస్తున్నారు.

ఈ చాపెల్‌నీ అమ్మకానికి పెట్టారు. పలకని ఎక్కడికి తరలిస్తారని పెద్దావిడ మూడు ఉత్తరాలు రాసింది. ఇంకా జవాబు రాలేదు.