చీకటి గదిలో పడుకోకు

చిట్టితల్లీ,

తలకు దెబ్బ తగిలి మూడు నెలలు దాటినా తలనొప్పి, కళ్లు తిరగడం తగ్గలేదని, థెరపీ, వ్యాయామం రెండూ కలిపి మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గుండె గుభేలుమంది. ఆ వెంటనే, సరైన దారే పట్టావని గర్వంగానూ అనిపించింది.

డాక్టరుకు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకు. వేళకు నిద్రపో. ఇవి నీకు తెలిసినవే.

నా బెంగంతా, ఇలాగే తలకు దెబ్బ తగిలిన మీ పెదనాన్నను చూసినందువల్లే. అప్పట్లో లక్షణాలన్నీ పోయేదాకా కదలొద్దనేవారు. కిటికీలకు దుప్పట్లు కట్టాం. పేపరు లేదు, టీవీ లేదు, చూడ్డానికి వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేసేవాళ్లం. వారాలు గడిచినా నొప్పి తగ్గలేదు సరికదా, గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడేవారు. లేస్తే నొప్పి వస్తుందని లేవడం మానేశారు. లేవక సత్తువ పోయింది. సత్తువ పోయాక నాలుగడుగులు వేస్తే నిజంగానే నొప్పి వచ్చేది. ఆ భయాన్ని ఆయన చేత చెప్పించినవాళ్లు ఒక్కరూ లేరు, తల్లీ.

ఇప్పుడు పద్ధతి మారింది. మొదటి 24 నుంచి 48 గంటలే విశ్రాంతి, అదీ మంచానికి అతుక్కుపోవడం కాదు. అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో జాన్ లెడ్డీ, బారీ విల్లర్ తయారుచేసిన ట్రెడ్‌మిల్ పరీక్ష ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకునేసరికి లక్షణాలు ముదురుతున్నాయో అందులో చూస్తారు. ఆ వేగంలో 80-90 శాతం మించకుండా రోజూ ఓ 20 నిమిషాలు చేయిస్తారు. నొప్పి పదికి రెండు పాయింట్లు దాటి పెరిగితే ఆ పూటకు ఆపెయ్యి. కొంచెం పెరిగి గంటలోపు సర్దుకుంటే కంగారుపడకు.

థెరపీ అనగానే "నాకేమైనా పిచ్చా?" అనుకోకు. నొప్పి రాగానే "మెదడు మళ్లీ పాడైంది" అని మనసు పరుగెడుతుంది చూడు, ఆ మాటను అక్కడే నిలదీయడం నేర్పుతారు. అది నిజమో కాదో మర్నాడు ట్రెడ్‌మిల్ మీద నీకే తెలుస్తుంది. అందుకే ఏ ఒక్కటీ మానొద్దు.

బాగున్న రోజున హుషారెక్కి ఆటకు మాత్రం దిగకు. మానకముందే ఇంకో దెబ్బ తగులుతుందేమోనని తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. కదలని సైకిల్ చాలు. నొప్పి అంతకంతకూ ముదిరినా, వాంతులు ఆగకపోయినా, చెయ్యో కాలో పట్టుతప్పినా ఎవరినీ అడక్కుండా ఎమర్జెన్సీకి వెళ్లు.

అమ్మ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా" అని పెట్టేస్తున్నావట. అదేం పద్ధతే? నా దగ్గర అది కుదరదు. మొదటి రోజు వ్యాయామం అవగానే ఫోన్ చేసి, నొప్పి పదికి ఎంతుందో అంకెతో సహా చెప్పు.

నీ పెద్దమ్మ