డ్యాష్ గీతలు నిండు గీతల్లా వస్తుంటే

అమ్మాయీ,

ఆటోక్యాడ్ (డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) నుంచి తీసిన ప్రింట్‌లో డ్యాష్ గీతలన్నీ నిండు గీతల్లా వస్తున్నాయనీ, ఎల్‌టీస్కేల్ (డ్రాయింగ్‌లోని డ్యాష్‌లన్నింటినీ ఒకేసారి పెంచే, తగ్గించే అంకె) ఎంత మార్చినా ఒక షీట్‌లో కుదిరితే ఇంకో షీట్‌లో చెడుతోందనీ రాశావు. టెన్షన్ పడకు. ముందు ఎల్‌టీస్కేల్‌ను 1కి తెచ్చి, కాసేపు దాని జోలికి వెళ్లకు.

ఆటోక్యాడ్‌లో డ్యాష్ పొడవు ఒక్క అంకెతో తేలదు. లైన్‌టైప్‌లో (గీత తీరును చెప్పే నమూనాలో) రాసి ఉన్న పొడవు, ఎల్‌టీస్కేల్, ఆ గీతకు విడిగా ఉన్న లైన్‌టైప్ స్కేల్, ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేది అది. అందుకే ఎక్కడ తేడా ఉందో చూడకుండా ఎల్‌టీస్కేల్ ఒక్కదాన్నే తిప్పితే ఒకటి బాగుపడి పది పాడవుతాయి.

లైన్‌టైప్ ఏ ఫైల్ నుంచి వచ్చిందో మొదట చూడు. అంగుళాల ఫైల్ ఎకాడ్ డాట్ లిన్‌లో హిడెన్ గీత (దాగి ఉన్న అంచులకు వాడే డ్యాష్ గీత) డ్యాష్ 0.25, ఖాళీ 0.125. మిల్లీమీటర్ల ఫైల్ ఎకాడ్ ఐఎస్‌ఓ డాట్ లిన్‌లో అవే 6.35, 3.175. మిల్లీమీటర్లలో గీసే డ్రాయింగ్‌లోకి అంగుళాల లైన్‌టైప్ వచ్చిందంటే డ్యాష్ 25.4 రెట్లు చిన్నదైపోతుంది. అలా ఉంటే మెజర్‌మెంట్ (ఏ కొలతల ఫైల్ వాడాలో చెప్పే సెట్టింగ్) విలువ 1 చేసి, సరైన ఫైల్ నుంచి లైన్‌టైప్‌ను మళ్లీ లోడ్ చెయ్.

తర్వాత స్కేల్. పీఎస్‌ఎల్‌టీస్కేల్, ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ అనే సెట్టింగులు రెండూ 1 చెయ్. మొదటిది 1గా ఉంటే వ్యూపోర్ట్ (షీట్ మీద డ్రాయింగ్‌ను చూపే కిటికీ) స్కేల్ 1:50 అయినా 1:100 అయినా కాగితం మీద డ్యాష్ ఒకే పొడవులో ఉంటుంది. ఒక షీట్ కుదిరితే ఇంకోటి చెడటానికి సాధారణంగా ఇది 0లో ఉండటమే కారణం. రెండోది మోడల్ స్పేస్ (అసలు డ్రాయింగ్ గీసే చోటు) కోసం. తెర కింద ఎనోటేషన్ స్కేల్ 1:50 పెట్టుకుంటే, గీసేటప్పుడు కూడా డ్యాష్‌లు షీట్‌లో వచ్చే తీరులోనే కనబడతాయి. మార్చాక రీజెన్ ఆల్ (తెర మీద అన్నీ మళ్లీ గీయించే కమాండ్) కొట్టడం మరవకు. అది కొట్టకుండా చూసి ‘ఏమీ మారలేదు’ అనుకుని ఇంకో నాలుగు సెట్టింగులు కెలికేవాళ్లే ఎక్కువ.

ఎల్‌టీస్కేల్ సంగతి అప్పుడు చూడు. నేనైతే మిల్లీమీటర్ల డ్రాయింగ్‌కి 0.5 పెడతాను. ఎందుకో చెబుతాను. 400 మిల్లీమీటర్ల గీత 1:50లో కాగితం మీద 8 మిల్లీమీటర్లే. హిడెన్ గీతలో ఒక డ్యాష్, ఒక ఖాళీ కలిస్తేనే 9.525. అంత చోటు లేక ఆటోక్యాడ్ దాన్ని నిండు గీతగా గీసేస్తుంది. 0.5 పెడితే డ్యాష్, ఖాళీ, మళ్లీ డ్యాష్ కలిసి 8 మిల్లీమీటర్ల లోపే సరిపోతాయి. ఇక మరీ చిన్న గీతలుంటే వాటికి హిడెన్2 వాడు, అది హిడెన్‌లో సగం.

వంపు తిరిగిన పాలీలైన్లు (చాలా ముక్కలు కలిసి ఒకే గీతగా ఉండేవి) మాత్రం ఇంత చేసినా మొండికేస్తాయి. పాలీలైన్‌లో ప్రతి ముక్క దగ్గరా డ్యాష్ వరస మళ్లీ మొదలవుతుంది. ముక్కలు చిన్నవైతే ఒక్క దాంట్లోనూ ఖాళీకి చోటుండదు. ఆ పాలీలైన్‌ను ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో లైన్‌టైప్ జనరేషన్‌ను ఎనేబుల్ చెయ్. పీలైన్‌జెన్ సెట్టింగ్‌ను 1 చేస్తే ఇకపై గీసేవాటికి అదే వర్తిస్తుంది, పాతవాటిని మాత్రం మనమే మార్చుకోవాలి.

ఇంకా ఒకటో రెండో గీతలు తేడాగా ఉంటే వాటి సొంత లైన్‌టైప్ స్కేల్ చూడు. మ్యాచ్ ప్రాపర్టీస్ (ఒక గీత లక్షణాలను ఇంకోదానికి ఎక్కించే కమాండ్) వాడినప్పుడు రంగుతో పాటు ఈ అంకె కూడా వచ్చేస్తుంది, ఎవరూ గమనించరు. అన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ఆ విలువ 1 చెయ్. బ్లాకుల (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపుల) లోపలి గీతలు దీనితో మారవు, బ్లాక్ ఎడిటర్‌లోకి వెళ్లాల్సిందే. సీఈఎల్‌టీస్కేల్ కూడా 1లోనే ఉండాలి, లేకపోతే కొత్తగా గీసే ప్రతి గీతా ఆ తేడాతోనే పుడుతుంది.

వేరేవాళ్ల ఫైల్‌ను ఎక్స్‌రెఫ్‌గా (నీ డ్రాయింగ్‌కు లింకుగా) తెచ్చినప్పుడు దాని ఎల్‌టీస్కేల్ లెక్కలోకి రాదు, నీ డ్రాయింగ్‌లో ఉన్నదే నడుస్తుంది. కాబట్టి వాళ్ల దగ్గర బాగానే కనబడిందని గొడవ పడకు. ముందు మీ ఇద్దరి ఎల్‌టీస్కేల్ అంకెలు పక్కపక్కన పెట్టి చూడు.

ఇవన్నీ చూశాక కూడా ఏ గీతైనా లొంగకపోతే, ఆ ఒక్క గీతనే కొత్త ఫైల్‌లోకి కాపీ చేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ బాబాయ్