ఒకే కాఫీ తాగినా ఆడవాళ్ళకే ఎక్కువసార్లు బాత్రూం వస్తుందా? వస్తుంది

"మా ఆయనా నేనూ ఒకే డికాషన్‌తో కాఫీ తాగుతాం, నేను గంటలో రెండుసార్లు లేస్తా, ఆయన కదలరు, ఇది నా భ్రమా?" అని అడిగారు కదా. భ్రమ కాదండీ, ఎవరేమన్నా నమ్మకండి.

మాది హైదరాబాద్ నుంచి వైజాగ్ నైట్ బస్సు. సూర్యాపేట దగ్గర ఆపితే ఇద్దరం చెరో కప్పు స్ట్రాంగ్ కాఫీ తాగి ఎక్కాం, ఆయన దుప్పటి కప్పుకుని పడుకున్నారు, నందిగామ రాకముందే నాకు కడుపు బిగిసిపోయి కూర్చోలేను నిలబడలేను. క్లీనర్‌ని అడిగితే "విజయవాడలో ఆపుతాం మేడం, ఇందాకే ఆపాం కదా" అన్నాడు. వెనక సీటులో ఒక పెద్దావిడ లేచి "ఆపుతావా లేదా బాబూ" అని గట్టిగా అరిస్తే అప్పుడు పెట్రోల్ బంకులో ఆపాడు. నా వెనకాలే ఇంకో నలుగురు ఆడవాళ్ళు దిగారు, అందరూ అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చున్నవాళ్ళే, ఒక్క మగాడు దిగలేదు! బంకులో లేడీస్ టాయిలెట్‌కి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. డబ్బులు మాత్రం టికెట్‌కి అందరి దగ్గరా ఒకేలా తీసుకుంటారు.

కెఫీన్ కిడ్నీలో అడెనోసిన్ అనే ఒంట్లోని రసాయనం పనికి అడ్డుపడుతుంది, దాంతో కిడ్నీ ఉప్పుని వెనక్కి లాక్కోవడం తగ్గి ఉప్పుతోపాటు నీళ్ళు కూడా పోతాయి. 2015లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే కెఫీన్ తీసుకున్నప్పుడు యూరిన్ సగటున 109 మిల్లీలీటర్లు, అంటే 16 శాతం దాకా ఎక్కువొచ్చింది, అందులో ఆడవాళ్ళ మీద ప్రభావం మగవాళ్ళ కంటే చాలా ఎక్కువ. పైగా వ్యాయామం చేసేటప్పుడు కెఫీన్‌తో యూరిన్ పెరగడం దాదాపు కనపడలేదు, ఊరికే కూర్చున్నప్పుడే. బస్సులో మనం చేసేది అదేగా!

నన్నడిగితే ముఖ్య కారణం బరువు. యాభై కిలోల మనిషికీ ఎనభై కిలోల మనిషికీ అదే కప్పు పోస్తే కిలోకి పడే కెఫీన్ ఎవరికెక్కువ? గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకైతే కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి దాదాపు రెట్టింపు టైం పడుతుంది, నెలలు నిండేకొద్దీ గర్భిణులకి ఇంకా ఎక్కువ.

"కాఫీతో ఒంట్లో నీళ్ళు తగ్గవు, రీసెర్చ్‌లో తేలింది" అని మీకు ఎవరో చెప్తారు చూడండి, 2014లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీవాళ్ళు చేసిన ఆ స్టడీలో ఉన్న 50 మందీ మగవాళ్ళే, అదీ రోజూ కాఫీ అలవాటున్నవాళ్ళు. నెలసరితో ఒంట్లో నీళ్ళ లెక్క మారుతుందని ఆడవాళ్ళని తీసుకోలేదు. మారుతుంది కాబట్టే కదా మమ్మల్ని విడిగా చూడాల్సింది?

మీరు కాఫీ మానక్కర్లేదు, బస్సెక్కే రోజు సాయంత్రం నుంచి తాగకండి చాలు, బాత్రూం భయంతో మంచినీళ్ళు మాత్రం మానేయకండి, మా కాలనీలో సగం మంది అదే చేస్తారు. కాఫీ తాగని రోజు కూడా ఇలాగే ఉన్నా, మంటున్నా మాత్రం షుగరు, యూరిన్ టెస్టులు చేయించుకోండి.